నూట అరవై ఎనిమిదో భాగహారం

మూడింటికి నేను మెట్లెక్కి ఆ గదిలో అడుగుపెట్టేసరికి మా బావమరిది అప్పటికే కుర్చీలో స్థిరపడి ఉన్నాడు. ఆ కుర్చీ చచ్చిపోయిన మనిషిది. ఇన్‌స్పెక్టర్ అయిన దగ్గర్నుంచీ వాడికి కుర్చీ కనిపిస్తే చాలు, అది ఎవరిదన్న ఆలోచన రాదు.

“నాలుగింటికి జీపు వస్తుంది బావా,” అన్నాడు, పలకరింపూ లేదు పాడూ లేదు. “కింద కూర్చున్న ఆ అమ్మాయిని ఎక్కించుకుని వెళ్ళిపోతా. నీకు గంట టైముంది. ఏం వెతుక్కుంటావో వెతుక్కో.”

మా ఆవిడ ఉన్నన్నాళ్ళు వాడూ నేనూ ఆదివారం భోజనాల దగ్గర పోట్లాడుకునేవాళ్ళం. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు శవం లేచిన చోట కలుసుకుని పోట్లాడుకుంటున్నాం. నిజం చెప్పాలంటే, ఆ పోట్లాట కోసమైనా ప్రైవేటు డిటెక్టివ్‌నైన నాకు ఇలాంటి కేసులు తగలాలనిపిస్తుంది. ఇంట్లో మాట్లాడే దిక్కు లేనివాడికి తిట్టే మనిషి దొరికినా భాగ్యమే.

పోయినాయన లెక్కల మాస్టారు. రిటైరై పదిహేనేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఉన్న ఒక్క అక్కా పోయాక మిగిలింది ఆమె కూతురు. కింద టైలర్ షాపు బల్ల మీద తల వంచుకుని కూర్చున్న అమ్మాయి ఆమే. మందుల షాపులో పని. మంగళవారం సాయంత్రం ఐదింటికి మేనమామకి బీపీ మాత్రలు ఇవ్వడానికి వచ్చి గట్టిగా అరిచిందని టైలర్ చెప్పాడు. ‘ఇక ఈ గడప తొక్కను’ అన్న మాట అతను మెషీన్ ఆపి మరీ విన్నాడు. ఆ తర్వాత కాసేపటికే షాపు కట్టేసి వెళ్ళిపోయాడట. గురువారం పొద్దున మళ్ళీ ఆ అమ్మాయే వచ్చి తలుపు తోసింది. మాస్టారు బల్ల పక్కన వెల్లకిలా పడి ఉన్నారు. తల వెనక ఇనప రాక్ మూల తగిలింది. ఛాతీ మీద ఎవరో బలంగా తోసినట్టు కమిలిన గుర్తు ఉంది. పోయింది మంగళవారం నాలుగుకీ ఏడుకీ మధ్య అని డాక్టర్ తేల్చాడు.

అంటే మంగళవారం సాయంత్రం నుంచి గురువారం పొద్దుటిదాకా ఆయన పోయిన సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలియదు. నిన్న ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి కేసు చెబుతున్నప్పుడే ఆ ముక్క నాకు గుచ్చుకుంది. నేను పోతే నా తలుపు ఎన్నో రోజున తోస్తారో అని లెక్క మొదలెట్టి, మధ్యలో ఆపేశాను.

గదిలో మంచం, బల్ల, కుర్చీ, ఆ ఇనప రాక్. రాక్ నిండా చెక్కపెట్టెలు. వాటి మీద కాగితాలు అంటించి ఉన్నాయి: ప్రధానం, సంయుక్తం, న్యూనం, అధికం, పరిపూర్ణం. లోపల అట్టముక్కలు. ఒక్కో అట్ట మీద ఒక్క సంఖ్య, దాని పుట్టుపూర్వోత్తరాలు. అంకెలు కూడితే ఎంత, దాన్ని ఏ ఏ సంఖ్యలు భాగిస్తాయి, తనని వదిలేసి ఆ భాగించేవాటినన్నిటినీ కలిపితే అసలు సంఖ్యకి తక్కువొస్తుందా ఎక్కువొస్తుందా. తక్కువొస్తే న్యూనం, ఎక్కువొస్తే అధికం, సరిగ్గా సరిపోతే పరిపూర్ణం. పరిపూర్ణం పెట్టెలో నాలుగే అట్టలున్నాయి. మనుషుల్లో అయితే అన్ని కూడా దొరకవు. ప్రధానం పెట్టె అన్నిటికంటే పెద్దది. ఒకటీ తానూ తప్ప మరే సంఖ్యా శేషం లేకుండా భాగించలేనివి అందులో ఉన్నాయి. భాగించగలిగేవన్నీ సంయుక్తం.

బల్ల మీద ఇంకా ఏ పెట్టెలోకీ చేరని అట్ట ఒకటుంది. 10,05,973. అంకెల మొత్తం 25. కింద ‘రకం’ అని రాసి, పక్కన ఖాళీ వదిలారు.

అట్ట కింద చిత్తుకాగితం. నాలుగు నిలువు వరసల్లో పెన్సిల్ రాత, చీమల బారులా సన్నగా. ప్రతి పంక్తిలో ఎడమ పక్క భాగించిన సంఖ్య, కుడి పక్క మిగిలిన శేషం. మొదటి వరస నెత్తిన 4.10 అని ఉంది. రెండో దాని మీద 4.29. మూడో దాని మీద 4.51. నాలుగో దాని మీద 5.17. కాగితం కుడివైపు కింది మూల లేదు. అగ్గిపెట్టెంత ముక్కని స్కేలు ఆనించి చింపినట్టు నున్నగా పోయింది.

“ఇది చూశావా?” అన్నాను.

“చూశా. కాకిలెక్కలు. ఈ రాక్ నిండా అవే.”

నేను కిందికి దిగాను. నన్ను చూసి ఆ అమ్మాయి లేచి నిలబడింది. టైలర్ మర్యాదగా మెషీన్ ఆపాడు. వినడానికే ఆపాడని తెలిసి, షాపు బయట మెట్టు మీద కూర్చోబెట్టాను.

“మీ మామయ్యతో గొడవెందుకమ్మా?”

“గొడవ పడింది నేను సార్. ఆయన పడలేదు. మాత్రలు పెట్టి, ఒంట్లో ఎలా ఉంది మామయ్యా అన్నాను. తలెత్తలేదు. చెయ్యి ఇలా అడ్డం పెట్టి, ‘ఉండు, ఐదువందల అరవై మూడులో ఉన్నా’ అన్నారు. మా అమ్మ పోయిన రోజు కూడా ఇంతే సార్, ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీకు మనుషుల కంటే అంకెలే ఎక్కువ, ఇక ఈ గడప తొక్కను అనేశాను.”

“అప్పుడేమన్నారు?”

“అప్పుడు తలెత్తి చూశారు. ‘రేపు రా అమ్మా, ఈలోపు ఇది అయిపోతుంది’ అన్నారు.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేను వెళ్ళలేదు సార్.”

“మంగళవారం ఎన్నింటికి బయటపడ్డావు?”

“ఐదూ పదికి. ఐదున్నరకి షాపులో వేలిముద్ర వేశాను. తొమ్మిదిదాకా కదల్లేదు.”

“ఆయనకి ఫోన్ చేసేవాళ్ళెవరు?”

“ఇద్దరమే సార్. మామయ్య స్నేహితుడు, సంఖ్యల పట్టికలు కట్టే పెద్దాయన, రోజూ నాలుగింటికి చేస్తారు. పదకొండేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు. జ్వరమొచ్చి మూలుగుతూ కూడా చేశారు. ఇంక నేను, ఎప్పుడైనా. బుధవారం రాత్రి ఏడున్నరకి చేశాను, తప్పయిపోయిందని చెబుదామని. ఎత్తలేదు. కోపమొచ్చిందనుకున్నాను.”

తిరిగి పైకి వచ్చి చిత్తుకాగితంలో ఐదువందల అరవై మూడు కోసం వెతికాను. మూడో వరస మధ్యలో దొరికింది. మూడో వరస మొదలు 4.51, ఆ అమ్మాయి వచ్చింది ఐదింటికి. అరనిమిషానికొక భాగహారం చొప్పున చేత్తో గుణించి చూశాను. సరిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత నాకొక లెక్క కుదిరింది.

“ఇవి టైములురా,” అన్నాను. “ఒక్కో వరస ఎప్పుడు మొదలెట్టిందీ నెత్తిన వేసుకున్నాడు. నాలుగో వరస ఐదూ పదిహేడుకి మొదలైంది. ఆ అమ్మాయి ఐదూ పదికే వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా ఆయన ఇరవై నిమిషాలు బతికి లెక్క చేసుకున్నాడు.”

“టైములని నీకెవరు చెప్పారు? లెక్కల్లో నీకెన్నొచ్చేవో మా అక్క చెప్పింది.”

“ముప్పై ఐదు. పాసే.”

“ఐదు పాయింట్ ఒకటి ఏడు అంటే ఏ శేషమో, ఏ చెత్తో. చచ్చినాయన వచ్చి సాక్ష్యం చెప్పడు కదా. అందుకే తెలిసినాయన్ని నేనే పిలిపించా. ఆయన టైములంటే ఆ అమ్మాయిని వదిలేస్తా. కాదంటే నువ్వు ఇంటికెళ్ళి పడుకో.”

అన్నాడో లేదో, కానిస్టేబుల్ వెనకాల పట్టికల పెద్దాయన వచ్చాడు. అప్పుడు మూడున్నర.

ప్రెస్సులో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. చొక్కా గుండీ మెడదాకా పెట్టుకున్నాడు. పది లక్షలు దాటిన ప్రధాన సంఖ్యలకి చేత్తో పట్టిక కట్టడం ఆయన బతుకంతా చేసిన పని. అది ఇన్నాళ్ళకి అచ్చయింది, ఆదివారం విడుదల. మొదటి పేజీలో ‘ఇందులో ఒక్క తప్పూ లేదు’ అని వేయించాడట. రోజూ నాలుగింటికి పట్టికలోంచి ఏదో ఒక సంఖ్య ఫోన్‌లో చెప్పడం, మాస్టారు దాన్ని మొదటినుంచీ చేసి సరిచూడడం. పదకొండేళ్ళలో నాలుగువేల సంఖ్యలు, తప్పు దొరకలేదు. ఆ పట్టిక చదివిన మనిషి లోకంలో మాస్టారొక్కడే.

కుర్చీ ఇవ్వమన్నట్టు మా వాడివైపు చూశాను. వాడు కదల్లేదు. పెద్దాయన మంచం అంచున కూర్చున్నాడు.

“మాస్టారు పోయారని మీకెప్పుడు తెలిసింది?” అని అడిగాను.

“నిన్న మధ్యాహ్నం. కానిస్టేబుల్ వచ్చి చెప్పాడు.”

“మంగళవారం మాట్లాడారా?”

“నాలుగూ ఐదుకి ఫోన్ చేసి ఈ సంఖ్య చెప్పాను. మూడు నిమిషాలు. తర్వాత ఇంట్లోనే ఉన్నాను.”

“ఇంట్లో ఇంకెవరైనా?”

“నాకెవరున్నారండీ.”

కాగితం ఆయన చేతిలో పెట్టాను. “ఈ వరసల నెత్తిన వేసినవి టైములేనా? మీకు తెలిసి ఉండాలి. మీరు అవునంటే ఆ పిల్ల ఇంటికి వెళ్ళిపోతుంది.”

చాలాసేపు చూశాడు. ఒక్కో అంకె మీదా వేలు ఆనించాడు. కింద వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

“కాదు,” అన్నాడు. “దశాంశాలు. ఏదో వేసుకుని ఉంటాడు.”

మా బావమరిది తొడ చరిచాడు. “విన్నావా బావా?”

ఆ పిల్ల మెడకి ఉన్న ఉరి విప్పగలిగే ఒకే ఒక్క చెయ్యి, ఇంకాస్త బిగించింది. అయితే నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దినవాడు ‘ఏదో’ అనడమే నాకు నచ్చలేదు.

“సరే, ఇందులో ఆయన చేసిన పనేమిటో నాకు చెప్పండి. మొద్దుకి చెప్పినట్టు చెప్పండి.”

“ఒక సంఖ్య ప్రధానమా కాదా తేల్చాలంటే చిన్న ప్రధాన సంఖ్యలన్నిటితో వరసగా భాగించాలి. రెండు, మూడు, ఐదు, ఏడు, అలా. దీనికి వెయ్యీ మూడు దాకా చాలు. ఇది రెండు సంఖ్యల లబ్ధమే అయితే ఆ రెండూ ఒకేసారి వెయ్యీ మూడు దాటలేవు, ఒకటైనా లోపల ఉండి తీరాలి.” మాట్లాడుతుంటే గొంతులోకి ప్రాణం వచ్చింది. “ఆలోపు ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది. అన్నిటికీ శేషం మిగిలితే ప్రధానం. ఇది ప్రధానమే. నా పట్టికలో ఉంది.”

నేను వేలు పెట్టి పంక్తులు లెక్కపెట్టాను. మొదటి మూడు వరసల్లో నలభై రెండేసి. నాలుగోదాంట్లో నలభై ఒకటి. చివరి పంక్తిలో 991, శేషం 108.

“నూట అరవై ఏడే ఉన్నాయి,” అన్నాను.

“చివరిది ఆ మూలతో పాటు చిరిగిపోయింది.”

“ఆ చివరి సంఖ్య ఏది?”

ఆయన కాగితం మీంచి వేలు తీసేశాడు. మా వాడు కూడా తల తిప్పి చూశాడు.

“తొమ్మిదివందల తొంభై ఏడు,” అన్నాడు.

పెన్సిల్ తీసుకుని మంచం మీద ఆయన పక్కనే కూర్చున్నాను. చిన్నప్పుడు బెత్తం దెబ్బ కోసం చెయ్యి చాపి నిలబడ్డ భయం మళ్ళీ వచ్చింది. 1005లో 997 ఒకసారి పోయింది, ఎనిమిది మిగిలింది. తొమ్మిది దించితే ఎనభై తొమ్మిది, పోదు, సున్నా. ఏడు దించితే ఎనిమిదివందల తొంభై ఏడు, అదీ పోదు, ఇంకో సున్నా. ఆఖరికి మూడు దించాను. 8973. తొమ్మిదిసార్లు వేసి చూశాను. తప్పు చేశానేమోనని మళ్ళీ వేశాను.

శేషం ఏమీ లేదు. భాగఫలం 1009.

“ఇది ప్రధానం కాదు,” అన్నాను. “తొమ్మిదివందల తొంభై ఏడూ, వెయ్యీ తొమ్మిదీ. మీ పట్టికలో తప్పుంది పెద్దాయనా.”

ఆయన నా లెక్క వైపు చూడలేదు. చూడక్కర్లేదని నాకర్థమైంది.

మా బావమరిది లేచాడు. “అయితే ఏంటి? లెక్క తప్పితే హత్య చేసినట్టా? ఆ లెక్కన మా స్కూల్లో అందరం హంతకులమే.”

“మూల చూడరా. ఈ కాగితం వల్ల ప్రమాదం ఉన్నవాడు ఏం చేస్తాడు? ఉండచుట్టి జేబులో పెట్టుకుపోతాడు. ఇక్కడ నూట అరవై ఏడు భాగహారాలు వదిలేసి ఒక్కటే చింపారు, అదీ స్కేలు పెట్టి. ఏది ముప్పు తెచ్చేదో తెలిసినవాడు. మిగతావి చింపడానికి చెయ్యి రానివాడు. మాత్రలు తెచ్చిన పిల్లకి ఆ రెండూ లేవు.”

“సరైన లెక్కని ఎవరు చింపుతారండీ,” అన్నాడు పెద్దాయన, నెమ్మదిగా, తనలో తనే అనుకుంటున్నట్టు. తర్వాత గుండీ సర్దుకున్నాడు. “అది రుజువు కాదు. మూల ఎలా అయినా చిరగొచ్చు.”

“అదీ మాట,” అన్నాడు మా వాడు. కానీ కూర్చోలేదు.

కింద జీపు హారన్ మోగింది. గోడ గడియారంలో నాలుగు. మెట్ల దగ్గర లేడీ కానిస్టేబుల్ గొంతు, ‘పదమ్మా’ అనడం వినిపించింది. ఇంకేం మిగిలిందా అని వెతుక్కున్నాను. నూట అరవై ఎనిమిదో పంక్తి లేదని ఇందాక చూశాను. లేనిది ఇంకేదైనా ఉందా అని.

“మాస్టారి ఫోన్ ఎక్కడ?”

మా వాడు బల్ల మీద ప్లాస్టిక్ సంచి చూపించాడు. “మంగళవారం కాల్స్ చూశా. నాలుగూ ఐదుకి ఈయన. మరేం లేదు.”

“మంగళవారం ఒక్కటే చూశావు. మొత్తం చదువు. పైకి చదువు, నేనూ వింటాను.”

సంచి మీంచే నొక్కుతూ చదివాడు. “శుక్రవారం 4.05. శనివారం 4.04. ఆదివారం 4.05. సోమవారం 4.06. మంగళవారం 4.05. అన్నీ ఈయనవే. బుధవారం రాత్రి 7.31, ఎత్తని కాల్, మేనకోడలు.”

“బుధవారం సాయంత్రం నాలుగింటికి?”

వేలు పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది, మళ్ళీ పైకి వెళ్ళింది.

“లేదు,” అన్నాడు. ఆ మాట అన్నాక వాడి మొహంలో అక్కసు పోయి పోలీసు వచ్చాడు.

నేను పెద్దాయన వైపు తిరిగాను. “పదకొండేళ్ళు జ్వరంలో కూడా తప్పని ఫోన్. బుధవారం సాయంత్రానికి మాస్టారు పోయిన సంగతి ఎవరికీ తెలియదు. మీకు తెలిసింది గురువారం మధ్యాహ్నం అన్నారు. మరి బుధవారం ఎందుకు చెయ్యలేదు?”

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. అబద్ధం వెతుక్కోలేదు. ఆ ఓపిక అయిపోయింది.

“మంగళవారం ఫోన్ పెట్టేశాక అనుమానమొచ్చింది,” అన్నాడు. “వెయ్యీ మూడుని వెయ్యీ మూడుతో గుణించి చూశాను. మన సంఖ్య కంటే ముప్పై ఆరు ఎక్కువ. ముప్పై ఆరంటే ఆరార్లు. అంటే వెయ్యీ మూడుకి ఆరు ఇటు ఒకటి, ఆరు అటు ఒకటి. నిమిషంలో తేలిపోయింది. ముప్పై ఏళ్ళు తేలలేదు.”

“అప్పుడెలా తప్పారు?”

“ఆ సంఖ్య చేస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి పిలిచింది. చివరి భాగహారం ఒక్కటే మిగిలింది. లేచి వెళ్ళాను. తిరిగొచ్చాక, అన్నిటికీ మిగిలింది దీనికి మాత్రం మిగలదా అని ప్రధానం వేసేశాను.” బల్ల మీది అట్ట వైపు చూశాడు. “ఆవిడ పిలిస్తే పని మధ్యలో లేచింది నా బతుకులో ఆ ఒక్కరోజే.”

మా బావమరిది నా వైపు చూడకుండా కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

“నేనొచ్చేసరికి వాడు చివరి పంక్తి రాసి నవ్వుతున్నాడు. దొరికింది దొరికింది అని, చిన్నపిల్లాడిలాగ. ఆదివారం దాకా ఎవరికీ చెప్పొద్దన్నాను. కాగితం ఇమ్మన్నాను. వీపు వెనక దాచుకుని ఇంకా నవ్వాడు. తోశాను. ఒక్కసారే తోశాను.”

జేబులోంచి కళ్ళద్దాల పెట్టె తీసి, అందులోంచి అగ్గిపెట్టెంత కాగితం ముక్క నా చేతికిచ్చాడు. 997, శేషం 0. దాని కింద ఇంకా చిన్న అక్షరాలతో పెన్సిల్ రాత: ‘ఇది మనిద్దరి మధ్యే. కొట్టేసి, రేపు ఇంకోటి చెప్పు.’

“ఆ కింది మాట ఇంటికెళ్ళాక చదివాను,” అన్నాడు. “నోటితో ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. వాడు ఎప్పుడూ అంతే. ఏదైనా కాగితం మీదే.”

మా వాడు కిటికీలోంచి వంగి, “ఆ అమ్మాయిని వదిలెయ్యండి, ఇంటికి పొమ్మనండి,” అని అరిచాడు. తర్వాత నా చేతిలోంచి ముక్క తీసుకుని చదివి, రెండోసారి చదివి, కుర్చీ పెద్దాయన వైపు జరిపాడు.

నేను బల్ల మీది అట్ట తీసుకుని, ఖాళీగా ఉన్నచోట ‘సంయుక్తం’ అని రాశాను. నా చేతిరాత మాస్టారి రాత పక్కన వంకరగా ఉంది. గడియారంలో నాలుగూ ఐదయింది. ముగ్గురం సంచిలో ఉన్న ఫోన్ వైపు చూశాం.

“బుధవారం కూడా సంఖ్య ఎంచి పెట్టుకున్నాను,” అన్నాడు పెద్దాయన. “ఫోన్ చేతిలో పట్టుకుని నాలుగూ ఐదు దాకా కూర్చున్నాను. ఎత్తేవాడు లేడని నాకొక్కడికే తెలుసు.”